మీసం గుర్తు

ఈశ్వరమ్మ మా ఇంట్లో పదకొండు రోజులుంది.
నెలకి పదహారు వేలు, తిండి, ఏడాదికి రెండు చీరలు,
ఆదివారం గజపతినగరం వెళ్ళొచ్చే సెలవు.
మంచి మనిషి. చల్లని చెయ్యి.
అత్తమ్మ మడమలకి ఆముదం రాస్తుంటే
చంటిపిల్ల కాళ్ళనుకున్నట్టు రాసేది.

మాది కంటోన్మెంట్ వెనకాల రెండు గదుల అద్దిల్లు.
గ్యాస్ బండకీ బియ్యం డ్రమ్ముకీ మధ్య
ఈశ్వరమ్మ ముడుచుకుని పడుకునేది.
నాలుగింటికి లేచి, ఫస్ట్ సర్వీసు డ్యూటీకి
నేను టీ పెట్టుకోవాలంటే ఆమెను దాటాలి.
మనిషిని దాటకూడదంటారు.
రోజూ దాటాను.

అత్తమ్మకి చెవులు లేవు.
నెల్లిమర్ల గోనె మిల్లు వాటిని
ఇరవై ఎనిమిదేళ్ళు కొంచెం కొంచెంగా తినేసింది.
ఈశ్వరమ్మ అరిచి మాట్లాడేది.
పక్కింటివాళ్ళు తగువనుకునేవారు.
అత్తమ్మ ఆమె నోటికేసి చూసి తలూపి తలూపి
చివరికి నన్నడిగింది ఒక్కటే:
"ఆ గుంట కాళ్ళెక్కడ సాపుకుంటాదే?"

దాసన్నపేట అవతల ఒక హోమ్ ఉందని
డిపో మెకానిక్ సింహాద్రి చెప్పాడు.
పన్నెండు మంచాలు. గోడకి ఒక చార్టు,
పేర్ల పక్కన మాత్రల రంగులు.
చూడ్డానికే అన్నాను అత్తమ్మతో.
చూడ్డానికే అని నాతో నేనూ అన్నాను.

ఆయన పోయి ఆరేళ్ళు.
మమ్మల్నిద్దర్నీ కలిపిన మనిషి మధ్యలోంచి వెళ్ళిపోయాక
ఆమె నాకేమవుతుంది?
ఫారంలో "సంబంధం" అన్న గడి దగ్గర
పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

తలెత్తితే,
కిటికీ పక్క ఏడో మంచం మీద
ఎండుచేపలాంటి ముసలామె
రెండు చూపుడువేళ్ళు గాల్లో కలిపి
పుటుక్కున విడదీసింది.
అత్తమ్మ చేతికర్ర నా మీదకి వదిలేసింది.
బొటనవేలూ చూపుడువేలూ నలిపి చూపించింది.

పోగు తెగింది.
అతికేత్తాను.

ఆమె పేరు సన్యాసమ్మట. స్పిన్నింగ్‌లో బి షిఫ్ట్.
మిషన్ల హోరులో నోరు పనికిరాక
చేతులతో కట్టుకున్న భాషట అది.
మణికట్టు మీద తడితే, ఇంకెంతసేపు.
గుండె మీద పిడికిలి, ఇంటి దగ్గర బాగోలేదు.
ఇరవై రెండేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకున్నాం మేము.
ఆ చేతులు మాట్లాడతాయని నాకు తెలీదు.
ఎన్నిసార్లు నా ముందు పిడికిలి గుండె మీద పెట్టుకుందో,
గ్యాసేమో అని జీలకర్ర నీళ్ళిచ్చాను.

"ఒక్క నెల సూద్దుమే" అంది
నా మొహం చూడకుండా.
"ఒగ్గేస్తన్నట్టు ఆ ఏడుపు మొకమేటి?
నాను డూటీకి ఎల్తన్నాను."

ఈశ్వరమ్మ నా సాలూరు బస్సే ఎక్కింది.
నెల జీతం పూర్తిగా ఇచ్చి టికెట్టు నేనే కొన్నాను.
"ఇంకో ఇల్లు సూడమ్మా" అంది దిగుతూ,
"వంటగది కాస్త పెద్దది."

వీధిలో మాట పడింది:
కన్నకూతురైతే పంపేదా?
కన్నకూతురు ఫోన్ చేసి ఏడ్చింది.
మా ఇంటికి తీసుకెళ్తానని మాత్రం అనలేదు.
తప్పు పట్టను. వాళ్ళ వంటగది నేను చూశాను.

పాలు అరలీటరు చాలు ఇప్పుడు.
ఇంకా లీటరే తెస్తున్నాను.

గురువారం నా వీక్లీ ఆఫ్.
జంతికల పొట్లంతో గడప దాటగానే
ఏడో మంచం మీంచి సన్యాసమ్మ
లేని మీసం మెలేస్తుంది.
మేస్త్రీ వస్తన్నాడని.
ఎనిమిదో మంచం మీద అత్తమ్మ
చప్పున దిండు కింద అగ్గిపెట్టె తోసేసి
బుద్ధిగా కూర్చుంటుంది.
అడ్డపొగ వాసన గదంతా.

నేను చేతులు వెనక్కి కట్టుకుని
మొదటి మంచం దగ్గర్నించి
ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ
నెమ్మదిగా నడుస్తాను.