దంత్యాలు

ముందు పట్టేసింది గుణశీలన్.
గాజు అవతల హెడ్‌ఫోన్స్ ఓ చెవి మీంచి జరిపి
"మేడమ్, 'స' దగ్గర గాలి లీకవుతోంది" అన్నాడు.
"సంతకం పెట్టి చావరా సన్నాసీ!"
మళ్ళీ చెప్పాను. మళ్ళీ.
జమీందారిణి కోపమంతా నా పళ్ళ సందుల్లోంచి
ఈల వేసుకుంటూ పోయింది.

ముప్పై ఏళ్ళుగా ఈ సాలిగ్రామంలో
అత్తలకీ, మంత్రసానులకీ, ఓ మహారాణికీ,
రెండు ఆడ దెయ్యాలకీ నోరిచ్చాను.
నా నోట్లోకి నేనెప్పుడూ తొంగిచూడలేదు.

నెత్తురు తెలియక కాదు.
తెల్లారి వాష్‌బేసిన్‌లో గులాబిరంగు నురుగు,
జామకాయ కొరికితే కాయ మీద ఎర్రటి గీత.
వేడి చేసిందనుకున్నా. బ్రష్షు గరుకనుకున్నా.
నెత్తురొచ్చిన వైపు తోమడమే మానేశాను,
ఏడుస్తున్న పిల్లని పలకరించకుండా దాటిపోయినట్టు.
నొప్పుంటే ఆ రోజే వెళ్ళేదాన్ని.
ఈ జబ్బుకి అరవడం రాదు,
డబ్బింగ్ చెప్పించని పాత్ర.

మెట్రో తవ్వకాల దుమ్ము దాటి
మందుల షాపు మీది మేడలో డాక్టర్ ఇన్బవల్లి.
సన్నటి కడ్డీ చిగురు కిందికి దించి
లోతు కొలుస్తూ నర్సుకి అప్పజెబుతోంది:
మూణు, రెండు, మూణు, అంజు,
ఆరు.
రెండూ ఆరూ రెండు భాషల్లోనూ ఒకటే.
ఆరు దగ్గర ఆమె గొంతు కాస్త తగ్గడం
నాకు వినబడింది. వినడమేగా నా పని.

గోడకి గార పూస్తే గోడ నిలుస్తుంది.
పాచి రాయిగా మారిన ఈ గార మాత్రం
చిగురుని వాపించి, వదులు చేసి,
లోపలి ఎముకని చప్పుడు లేకుండా తినేస్తుందట.
"షుగరుందా?" ఉంది.
"మాత్రలు?" నేను కప్పు వైపు చూశాను.
"రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయమ్మా."

మా అమ్మ చిగురుని ఇగురనేది.
ఇగిరిపోయేదానికి ఆ పేరే సరి.
చింతచిగురు దూస్తే మళ్ళీ వేస్తుంది.
ఇది వెయ్యదు.
"పోయింది తేలేను. ఉన్నది జారకుండా చూద్దాం" అంది.

నాలుగుసార్లు వెళ్ళాను. ఒక్కోసారి పావు నోరు.
మత్తుకి మూతి సగం ఎవరిదో అయిపోయేది.
వేళ్ళ దాకా గీకుతుంటే ఆ చప్పుడు
బయట్నుంచి కాదు, నా పుర్రెలోంచే నాకు.
కింది వరసలో ఒకటి మాత్రం నిలవలేదు.
దూదిలో పెట్టి చూపించింది, వడ్లగింజంత గారతో.

ఇప్పుడు రాత్రి పదకొండింటికి అద్దం ముందు
మెత్తటి బ్రష్షు, చిగురంచుకి ఏటవాలుగా.
సందులకి వేరే బుల్లి బ్రష్షు.
నెత్తురొచ్చిన చోట పారిపోకుండా
ఇంకాసేపు, ఇంకాస్త నెమ్మదిగా.
ఆపైన నోరు కడుక్కుని
త థ ద ధ న.
చుక్క, జున్ను, చాప.
ఆఖర్న నా పేరు: దాక్షాయణి.
'ద' దగ్గర నాలిక ఇంకా తడుముకుంటుంది.

ఈల పూర్తిగా పోలేదు.
వచ్చే వారం ఓ ముసలమ్మ పాత్రుంది,
అలాగే ఉంచమన్నాడు గుణశీలన్.

నిన్న స్టూడియోలో భోజనాలయ్యాక
కొత్తగా వచ్చిన చరిష్మ పుక్కిలించి ఉమ్మి
గబగబా కుళాయి తిప్పబోయింది.
ఇరవై రెండేళ్ళ పిల్ల.
చెయ్యి అడ్డం పెట్టాను.
"ఆగు. ముందు చూడు."