మంగళవారం నా వంతు

సంతపేటలో మా సందు మొదట్లో
రేషన్ అంగడి గోడకు ఒక నల్లబల్ల ఉండాది.
మున్సిపల్ బడి పారేసిన బల్ల.
కుడి పక్క కింది మూల విరిగింది.
మా సంగతులన్నీ ఆ మూలకాడికి వచ్చేసరికి
మోకాళ్ళ నొప్పుల ముసలామె మెట్లు దిగినట్టు
ఒకో అక్షరం ఒంగి, ఆగి, దిగుతాది.

రంగు పూసింది చెంగల్రాయులు.
లారీల వెనక నెమళ్ళు గీసే చెయ్యి,
ఊరికే ఉండలేక అంచుకు ఒక మల్లెతీగ కూడా పాకించినాడు.
మేకులు షంషాద్ తెచ్చింది.
మమ్మల్ని ఎవురూ రమ్మనలేదు, ఎవురూ పొమ్మనలేదు.
ట్యాంకరు ఎప్పుడొస్తాదో
ఇంటింటికీ తిరిగి అరిచి అరిచి
దొరసామి గొంతు పోయింది.
అంతే, ఆడ మొదలు.

ఏడు దినాలకు ఆరుగురం.
ఆదివారం ఎవురికి తోస్తే వాళ్ళు.

నాది మంగళవారం.
పాలు పొంగేలోపల పోయి
తడిగుడ్డతో నిన్నటిని తుడిచేస్తాను.
తుడవకూడనిది ఒకటే, ఎడమ పక్క పైన
ఓ నెగటివ్ రక్తం ఉండే ముగ్గురి పేర్లు.
కింద రాస్తాను:
ట్యాంకరు ఆరున్నరకు.
కరెంటు పది నించి రెండు దాకా ఉండదు.
గుర్రప్ప మేకపిల్ల కనబళ్ళేదు, చెవికి పచ్చదారం.
కుట్టుమిషను నేర్పిస్తారు, మిద్దింటి సుగుణ, డబ్బుల్లేవు.

రాసేది సులువు.
తుడిచేదానికే గుండె కావాల.
ఒకనాడు తెల్లారేసరికి
దేశమ్మ కూతురి మీద ఎవుడో
ఇటుకపెళ్ళతో రాసిపెట్టినాడు, ఇంతింత అక్షరాలు.
నేను పోయేసరికి షంషాద్ కొంగుతో రుద్దతా ఉంది.
ఆ దినం ఆమె వంతు కాదు.
మాట పోయింది, ఎర్రమరక పోలా.
ఆ మరక మీదనే రాసినాము
పోలియో చుక్కల తేదీ.

కొట్లాటలు లేవని కాదు.
పైన తన ఫొటో పెడితే
కౌన్సిలరు ఐదువేలు ఇస్తాడని రెడ్డెప్ప.
ఫొటో ముందర నిలబడి నీళ్ళ మాట ఎట్లా రాసేదని మేము.
రెండు నెలలు మాతో మాట్లాడలా ఆయన.
ఆ రెండు నెలలూ శుక్రవారం తెల్లారితే
బల్ల మీద ఆయన రాతే,
దీర్ఘాలన్నీ తెగ్గొట్టి.

మొన్న ఎండల్లో
బుధవారం అని రాయాల్సిన చోట
గురువారం అని రాసినాడు దొరసామి.
బుధవారం ట్యాంకరు వచ్చింది.
బిందెలు ఇండ్లల్లో, మనుషులు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో.
నాలుగుసార్లు హారను కొట్టి పక్క వీధికి పోయింది.
ఆ సందకాడ వీధంతా ఆయన్ని తిట్టింది,
తిట్టను నోట్లో తడి లేకపోయినా.

మర్నాడు బల్ల మీద ఒకే వరస:
"నిన్న తప్పు రాసింది నేనే. దొరసామి."
దాని కింద, పిల్లోళ్ళ రాత మాదిరి, వంకరటింకర:
"రేకులిల్లు. నాలుగు బిందిలు ఉండాయి. రాండి."

రేకులింట్లో ఉండేది మునెమ్మ ఒకతే.
మునెమ్మకు రాయను రాదు.
ఎవురు రాసిచ్చినారు మునెమ్మా అంటే
తెల్లగా సుద్ద అంటిన వేళ్ళు
చీర కుచ్చిళ్ళలో దాచుకోని
నీళ్ళు పట్టుకోండి ముందు, అనింది.

ఈ పొద్దు మళ్ళా మంగళవారం.
కరెంటు ఉండాది. నీళ్ళు నిన్ననే వచ్చినాయి.
మేకపిల్ల దొరికింది.
ఎవురూ పోలా, ఎవురూ పుట్టలా.
సుద్దముక్క పట్టుకోని శానాసేపు నిలబడినాను.
కడాకు రాసినాను:
"ఈ దినం ఏమీ లేదు."

పాలక్యాన్ల సైకిలాయన ఒకడు
కాలు నేలకానించి నిలబడి
నిదానంగా చదివినాడు, కడదాకా,
విరిగిన మూలకాడ అక్షరాలతోబాటు
తలకాయ కూడా రవంత వంచి.