చుట్ల లెక్క

కాలిన మోటరు వాసన నాకు దూరంకెల్లే తెలుస్తది.
హాలియా కాడ నా షెడ్డు ముందట
ట్రాలీ ఆటోలకెల్లి దాన్ని
పసిపిల్లను దించినట్టు దించిండు జానయ్య.
"బత్తాయి తోట ఎండుతాంది. రేపటికైతదా?"
నవ్విండు, నోటికి చెయ్యి అడ్డం వెట్టుకొని.
ఎందుకో నాకు చెప్పనక్కరలే,
ఆ నీళ్ళే నేనూ తాగిన,
నా పండ్ల మీదా అవే మట్టిరంగు గీతలు.

కాలిన తీగ తియ్యాలంటే
ముందుగాల చుట్లు లెక్కపెట్టాలె.
ఎన్ని చుట్లు, ఏ దిక్కు, ఎంత సన్నం,
తెల్వకుంట పీకేస్తే
కొత్తది ఎట్ల చుట్టాలో ఎవరికీ తెల్వది.
గందుకే నేనేం అడగలే.
నడి ఎండల గూడ పొడుగు చేతుల అంగీ ఎందుకని
ఆయన గూడ అడగలే.

నాలుగు నెలల్ల మూడుసార్లు కాలింది ఆ మోటరు.
మూడోసారి
"నువ్వే కాలబెడ్తున్నవా ఏంది?" అన్న.
చెవులు ఎర్రగైనయి.
"కాయలు తిను" అన్నడు, సంచి ముందల వెట్టి.

సొరంగం పనికి పోయిండట, ఇరవై రెండేండ్లప్పుడు,
పేరు సరిగ్గ పలకరాని ఊరికి.
ముత్తిలింగమని ఒకడు, ఒకటే గిన్నెల తిన్నోడు,
"ఏయ్ జాను, ఆ..." అన్నడట.
మందు పేలింది.
మిగిలిన సగం మాట కోసం
జానయ్య ఇంకా చెవి వొగ్గే ఉన్నడు.

నాది చిన్న కత.
మిర్యాలగూడెంల రైసుమిల్లు గోదాము,
ఊక, పీచుతాడు, నా సొంత అన్నలు, మూడు రాత్రులు.
నన్ను ఎవరితోని చూసిండ్రో ఆ పేరు చెప్పలే నేను.
తాడు కంటే ముడే యాదికున్నది.
పెద్దన్న ముడి.
చిన్నప్పుడు నా లాగు బొందు కట్టిన చేతులే అవి.

మాగమాసం. రాత్రి రెండింటికి త్రీఫేజు.
స్టార్టరు ఒత్తినమో లేదో
ట్రాన్స్‌ఫార్మరు కాడ ఢామ్మని ఫ్యూజు కొట్టేసింది.
జానయ్య రెండు చెట్ల నడుమ బోర్లా పడ్డడు,
తల మీద చేతులు, నోట్లె మన్ను.
లేపలే నేను. లెవ్వు అని గూడ అనలే.
పక్కనే బురదల ఒరిగిన.
పూత వాసన, చలి.
"ఇది తోట, ఇది నేను.
ఇది తోట, ఇది నేను."
ఎన్నిసార్లు అన్ననో లెక్క లేదు,
లెక్కల మనిషినయ్యుండి.

తెల్లారగట్ల అడిగిండు, "చెయ్యి పట్టుకోనా?"
"చెయ్యి సరే. మణికట్టు వద్దు."
వేళ్ళు పట్టుకున్నడు. అంతవరకే.

మల్ల ఎండకాలం వచ్చింది.
ఓ మధ్యాహ్నం కరెంటు లేని పూట
నేనే అంగీ చెయ్యి మడిచి
మణికట్టు ఆయన ఒళ్ళె వెట్టిన.
తాడు తిన్న చోట రెండు వేళ్ళు ఆనిచ్చి
ఆరెంపీ డాక్టరు తీరు కండ్లు మూసుకున్నడు.
"కొట్టుకుంటాంది" అన్నడు.
"మరేంజేస్తది" అన్న.
నవ్విండు.
నోటికి చెయ్యి అడ్డం రాలే.

అంత మంచిగైందని కాదు.
దీపావళి మూడు రోజులు తలుపులు మూసుకొనే ఉంటం.
ఊక లారీ పోతే నాకు ఇంకా ఊపిరాడదు.
మొన్న పెద్దన్న మోటరు వచ్చింది, జీతగాని చేత పంపిండు.
మంచి తీగతోనే చుట్టిన.
బిల్లుల మటుకు రూపాయి తగ్గించలే.

వార్నీషు ఆరనియ్యాలె,
తొందరపడి కరెంటిస్తే మల్ల కాలుతదని
గిరాకీలకు రోజూ చెప్తా.
ఇయ్యాల షట్టరు సగం దించి
వంద క్యాండిల్ బల్బు కింద మోటరు ఆరవెట్టినం.
జానయ్య బత్తాయి ఒలుస్తాండు,
గింజలు ఏరి నా అరచేతిల వేస్తాండు.
"తొమ్మిది" అన్న.
"నీ లెక్కలు పాడుగాను" అని
ఇంకోటి వేసిండు.