నెత్తిమీది రాయి

మొఖోత్లాంగ్ కొండల్లో జూన్ మంచు.
గుర్రం దిగి, కళ్లెం చేతిలోనే ఉంచుకుని
ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాడు న్తాతే సెల్లో.
అక్కడ ప్రతి పెద్దాయనా న్తాతే, అంటే నాన్నగారే.
గుర్రాన్ని ఎక్కడ కట్టాలని అడగడానికి
మధ్యలో రెండుసార్లు ఆగాడు.

"పరీక్ష మొదలైంది, రాసుకో," అంది
సిస్టర్ మాసెచాబా నా చెవిలో.
"ఒక వాక్యానికి ఎన్ని గుక్కలో,
అదే మొదటి అంకె."

నా కొత్త యూనిఫాం జేబులో
నాలుగు మడతల ప్రశ్నల కాగితం.
నేనది విప్పేలోగా
ఆమె ఆయన దుప్పటి ఎవరు కొన్నారని అడిగింది.
"మా ఆవిడ. పిన్ను ఇదివరకు ఇక్కడుండేది,"
జానెడు దూరంలో వేలు పెట్టి చూపించాడు.
తూకం దాకా వెళ్ళకముందే
మనిషి ఎంత తరిగిపోయాడో తెలిసింది.

మణికట్టు పట్టుకోమంది,
కళ్ళు మాత్రం దుప్పటి అంచు మీద పెట్టమంది.
లెక్కపెడుతున్నారని తెలిస్తే
ఊపిరి కూడా అబద్ధమాడుతుందట.
నిండు నిమిషం.
ముప్పై రెండు.
నా ఉద్యోగంలో నేను చేసిన
మొదటి మర్యాదైన మోసం.

పిన్ను తీయొచ్చా అని అడిగాం.
నా చేతులు మంచుగడ్డలని
హీటర్ దగ్గరికి పంపి, వేళ్ళు కాగాకే రానిచ్చింది.
ఎడమ వేలు వీపుకి ఆనించి
కుడి వేలితో తట్టాను,
ఒక్కో పక్కటెముక దాటుకుంటూ కిందికి.

నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది.
"పైకప్పు తడుతున్నావు కదూ, పిల్లా?"

ఇరవై ఆరేళ్ళు వెల్కొమ్ బంగారు గనిలో
ప్రతి షిఫ్టు ముందూ ఇనప గడతో
నెత్తిమీది రాయిని తట్టి విన్నవాడు.
ఖంగుమంటే కింద నిలబడొచ్చు.
డొల్లగా పలికితే పరుగు.
ఒకసారి తను విన్నాడు, పక్కవాడు వినలేదు.
ఆ పేరు చెప్పలేదు,
గుక్క అందక కాదు.

"మళ్ళీ తట్టు. ఇంకాస్త కింద. ఆగు.
ఇక్కడ రాయి మారింది."
నా వేలికింకా తేడా అందలేదు.
సిస్టర్ మాట్లాడకుండా అక్కడే గీత గీసింది.
గీత పైన గాలి, కింద నీరు.

చెప్పాల్సిన వంతు నాది.
పుస్తకం మాటలన్నీ మాస్కు వెనకే ఇరుక్కున్నాయి.
"న్తాతే, ఇది మీ గనికి తలకిందులు.
ఇక్కడ డొల్లగా మోగితేనే మంచిది.
బండలా పలికితే భయం."
చాలాసేపు కిటికీలోంచి గుర్రాన్ని చూశాడు.
"అయితే నేను గట్టిగా ఉన్నాననుకున్నది..."
అక్కడే వదిలేశాడు.

అర్థమైందా అని అడగబోయాను.
సిస్టర్ కాలు తొక్కింది.
ఆ ప్రశ్నకి ఈ కొండల్లో అందరూ అవుననే అంటారు.
"మీ ఆవిడకి ఎలా చెప్తారో మాకు చెప్పండి."

"మాపులెంగ్, రొమ్ములో నీరు చేరింది.
సూదితో తీస్తారట. కఫం డబ్బాలో పట్టి పంపుతారట.
మాత్రలు చాలా నెలలు, ఒళ్ళు తేలికైనా మానకూడదట.
గుర్రానికి గడ్డి నువ్వే వెయ్యి."

ఆఖరి మాట మేం చెప్పలేదు.
సిస్టర్ కాగితం మీద రాసింది:
అర్థమైంది.

రాత్రి రెండింటికి
మంచం పక్కన నిలబడి మణికట్టు పట్టుకున్నాను.
"లెక్కపెడుతున్నావు కదూ," అన్నాడు కళ్ళు తెరవకుండానే.
"నాడి, న్తాతే," అన్నాను.
సరేనని
దుప్పటి కొంచెం కిందికి లాగాడు,
నాకు బాగా కనబడేలా.