ఏరియేటర్ల పక్కన తోడి

భీమవరం కొట్లో చక్రధర్ చెప్పాడు
"మామూలు పాట ఎండుచేపండి,
ఇది వలలో ఎగిరే చేప."
నెలకింత. ఏడాదికి కడితే రెండు నెలలు ఉచితం.
పైగా డాక్ అని ఒక డబ్బా, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది,
దాని ధరకి అయిదు బస్తాల మేత వచ్చేది.
ఈ లెక్క ఇంట్లో చెప్పలేదు.

ఇరవై నాలుగు బిట్లు, నూట తొంభై రెండు కిలోహెర్ట్జ్.
డబ్బా మీద నీలం దీపం వెలిగితే
అసలు సరుకు వస్తున్నట్టు.
మొదటి వారం నేను పాట వినలేదు,
దీపాన్ని విన్నాను.

వీరవాసరం దాటి మూడు మైళ్ళు, గట్టు మీద ఇల్లు.
మూడు పక్కలా రొయ్యల చెరువులు,
నాలుగో పక్క పంటకాలువ.
రాత్రి పదకొండు నుంచి తెల్లారేదాకా
పద్దెనిమిది ఏరియేటర్లు నీళ్ళని చితకబాదుతుంటాయి.
మా నిశ్శబ్దం అదే.
చుట్టాలొస్తే నిద్రపట్టదంటారు,
చుట్టాలింటికెళ్తే మాకు పట్టదు.

ఆ హోరులో కూర్చుని,
ఎవరో ఒకావిడ వీణ మీద తోడి వాయిస్తుంటే
గమకం చివర, తీగ ఇంకా వణుకుతుండగా,
మెట్టు మీద నుంచి వేలు లేచే చప్పుడు కోసం
చీకట్లో జారిన చెవిదుద్దుని తడిమినట్టు
తడుముకునేవాణ్ణి.
దొరికిందనుకున్న రాత్రులున్నాయి.

రత్నవేణి నమ్మలేదు.
"కళ్ళు మూసుకోండి" అంది.
ఒకే పాట పదిసార్లు,
కొన్నిసార్లు ఖరీదుది, కొన్నిసార్లు చవకది,
వరస పాలలెక్క పుస్తకంలో, నెయ్యి బాకీ కింద రాసుకుంది.
ఆరు సరిగ్గా చెప్పాను.
"బొమ్మా బొరుసూ వేసినా అయిదొస్తాయి" అంది.
ఆ ఆరోదాన్ని పట్టుకుని రెండు రోజులు బతికాను.

తణుకులో చెవుల డాక్టరు
అద్దాల గదిలో కూర్చోబెట్టాడు.
అక్కడి నిశ్శబ్దానికి ముందు భయమేసింది.
ఏవో కీచులు వినిపించి, గీత గీసి చూపించాడు.
గట్టులా తిన్నగా వచ్చి, నాలుగువేల దగ్గర
గండిపడి కిందికి జారిపోయిన గీత.
"మోటార్ల పక్కన ఎన్నేళ్ళు?"
ఇరవై రెండండి.

డబ్బు కడుతూనే ఉన్నాను. ఎందుకని అడక్కండి.

ఆషాఢంలో ఒక రాత్రి, రెండున్నరకి, కరెంటు పోయింది.
పద్దెనిమిదీ ఒక్కసారి ఆగాయి.
మా వైపు ఎవరినడిగినా చెబుతారు,
ఆ నిశ్శబ్దం అరుపు.
చెప్పుల్లేకుండా గట్టు మీద పరుగు,
ముందు ఏసుపాదం టార్చి, వెనక నేను.
పాత ఇంజను, హ్యాండిల్ తిప్పితే దగ్గింది,
మళ్ళీ తిప్పితే దగ్గింది,
ఏసుపాదం దాన్ని తిట్టి, యేసయ్యని పిలిచి,
మళ్ళీ తిట్టాక
అందుకుంది.
నీళ్ళు తెల్లగా నురగలెత్తేదాకా చూసి
బురదలోనే కూలబడ్డాను.

తిరిగొచ్చేసరికి రత్నవేణి గుమ్మంలో ఉంది.
ఒళ్ళో తన పాత ఫోను, పగిలిన అద్దం,
వైఫై పోయి, ఒక్క గీత సిగ్నల్ మీద
అన్నిటికంటే నాసిరకంలో మోగుతున్న తోడి.
"ఆవిడ వేలు ఎత్తుతుంది చూడండి,
ఎత్తేముందు ఊపిరి తీసుకుంటోంది.
మీరటు పరిగెడుతున్నప్పుడు విన్నాను.
రెండుసార్లు."

అయిదు నిమిషాలు ఉండి ఉంటుందేమో ఆ చీకటి.
నా వాటా నేను చెరువుకి ఖర్చుపెట్టేశాను.

ఇప్పుడు నీలం దీపం వెలుగుతోంది.
పద్దెనిమిదీ తిరుగుతున్నాయి.
ఎక్కడ ఊపిరి తీసుకుందో చెప్పమంటే
రత్నవేణి కళ్ళు మూసుకుని కాసేపు ఆగి
నా మణికట్టు మీద వేలితో తట్టింది,
ఇదిగో, ఇక్కడ.

వినపడలేదు.
తల ఊపాను.