ఆరు, నాలుగు, మూడు

డిసెంబరులో తెల్లవారుజామున మూడున్నరకి
మంచు తోసే బండి ఎక్కుతాను నేను.
డులూత్ ఇంకా దుప్పట్లోనే ఉంటుంది.
సరస్సు మీంచి వచ్చే గాలికి మాత్రం నిద్రలేదు,
మొన్నటినుంచి నాకూ లేదు.
రేడియోలో ఒక్క ముక్క చెప్పి
వెంటనే టైర్ల ప్రకటన వేసేశారు:
హెరన్స్ వాళ్ళు ఎవెలియోని ఇచ్చేశారట.

ఇచ్చేశారు. అదే మాట వాడారు.
అరువు తెచ్చిన గరిటె తిరిగిచ్చినట్టు.

బదులుగా ఎవరయ్యా వచ్చింది అంటే
మోచేతికి రెండుసార్లు కత్తి పడిన పిచ్చరొకడు,
గడ్డం సరిగా మొలవని కుర్రాళ్ళిద్దరు,
పేరు తర్వాత చెబుతామన్న ఆటగాడు ఇంకొకడు.
పేరే లేనివాడి కోసం
పేరుపెట్టి పిలిస్తే చాలు వెనక్కి చూసి నవ్వేవాణ్ణి!
నీళ్ళలో గేదెకి బేరమంటే ఇదే.

లెక్కలు రానిదాన్నేం కాదు.
జీతాల పద్దు నాకూ తెలుసు,
వచ్చే ఏడు వాడు అడగబోయే కోట్లూ తెలుసు.
షెడ్డులో ఉర్హో పొద్దస్తమానం అదే గోల:
"ఇర్యా, ముప్పై దాటిన షార్ట్‌స్టాప్ మోకాళ్ళు
ఎండలో పెట్టిన ఐసుగడ్డ."
ఉర్హో మోకాళ్ళకి అరవై ఒకటి.
ఇంకా గ్రీజు గుంటలోకి దిగుతూనే ఉన్నాడు.
ఆ మాట నేను అనలేదు.

నా గుబులంతా ఆ ఖాళీ గురించి.
రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ
ఎర్రమట్టి మీద ఆ కాస్త చోటు.
బంతి గడ్డిని కోసుకుంటూ వచ్చేది,
ఎవెలియో కుడివైపుకి వాలేవాడు,
అయ్యో పడిపోతున్నాడు అనేలోపు
బంతి రెండో బేస్ దగ్గర,
అక్కణ్ణించి మొదటిదానికి.
నా స్కోరు పుస్తకంలో పెన్సిలుతో
ఆరు, నాలుగు, మూడు.
ఎన్నిసార్లు రాశానంటే
నా బ్యాంకు కార్డు రహస్యం కూడా అదే, ముందో సున్నా.
అదీ మార్చుకోవాలి కాబోలు.

ఇప్పుడు కెర్మిట్‌ని మూడోదాన్నుంచి జరుపుతారా?
జరిపితే మూడోది ఎవరిది?
ఎడమ ఫీల్డుకి ముప్పై తొమ్మిదేళ్ళవాణ్ణి కొన్నారు,
పరుగెత్తితే వాడి నీడే ముందు చేరుతుంది.
ఒక చిరుగుకి అతుకేస్తే
పక్కన ఇంకోటి నోరు తెరుస్తోంది.

ఇవాళ నా దారిలో ఆ నీలి తలుపు ఇల్లు వచ్చింది.
చలికాలమంతా ఈ ఊళ్ళోనే ఉండిపోయిన
ఒకే ఒక్క ఆటగాడు వాడు.
మొదటి ఏడు పారని బ్యాటులా పట్టుకుని
మంచుతో కుస్తీ పడుతుంటే బండి ఆపి చూపించా,
నడుముతో కాదు, మోకాళ్ళు వంచి ఎత్తు అని.
"మోకాళ్ళ సంగతి నాకే చెబుతున్నావా" అని
ఆవిరి వదుల్తూ నవ్వాడు.

గేటు ముందు సామాను లారీ.
గుమ్మంలో వాడి భార్య, భుజాన నెలల పాప.
ఎడారి ఊరికి పోతున్నారు.
అక్కడ మైదానానికి పైకప్పుంటుంది, లోపల ఏసీ.
రోడ్డు పక్కన దిబ్బలో నిలబెట్టి ఉంది ఆ మంచు పార,
అట్టముక్క మీద వంకర అక్షరాలు:
ఉచితం. బాగానే పనిచేస్తుంది.

నా బండి వెళ్తే ప్రతి గేటుకీ మంచు గట్టు పడుతుంది,
ఊరంతా నన్ను తిట్టేది అందుకే.
గట్టిగా తోస్తే ఆ లారీ
మధ్యాహ్నందాకా కదలదు.
ఒక్క క్షణం అనుకున్నాను, అబద్ధమెందుకు.
తర్వాత బ్లేడు ఎత్తి, పక్కకు తిప్పి
దారి వదిలాను.

పార నా సీటు వెనక ఉంది.
కొత్త కుర్రాళ్ళిద్దరిలో ఒకడు షార్ట్‌స్టాపేనట.
రేడియోవాడు వాడి పేరు రెండు రకాలుగా పలికాడు.
సుపీరియర్ వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా
ఖాళీ బండిలో గట్టిగా అనుకుంటూ వచ్చాను:
ఊస్టర్‌హౌస్. ఊస్టర్‌హౌస్.
కొత్త చెప్పులా కరుస్తోంది నోటికి.
కుడివైపుకి ఎలా వాలతాడో ఏమో.