జోడు కుదరని చెప్పులు

తార్నాక, మూడో అంతస్తు, ఈగల గది.
అండాలక్క మక్కపిండిలో బెల్లం వేసి ఉడికిస్తుంటే
వరండా అంతా పెళ్లివారి వాసన.
నిజమే, పెళ్లే:

బాటసింగారం మార్కెట్‌లో మురిగిన మామిడి మీది ఈగ వరుడు,
మన్ననూరు అడవిది వధువు.
కటకం కింద పెట్టినా ఒక్క తల్లి పిల్లలే అంటారు.

కూతుళ్లు గుడ్లు పెట్టారు, గుడ్లు కదిలాయి.
కొడుకులు మాత్రం
రెక్క చాచి పాడారు, చుట్టూ తిరిగారు, కూడారు,
ఒక్క గుడ్డూ చిట్లలేదు.
పదిహేడు సీసాలు. పదిహేడు సున్నాలు.

కూతురికి రెండు ఎక్స్‌లు: ఒకటి తడబడితే ఇంకొకటి సర్దుతుంది.
కొడుక్కి ఒకటే ఎక్స్, పక్కన పొట్టి వై.
ఒక కాలికి బూటు, ఒక కాలికి హవాయి;
తెలియని దారిలో ముందు తట్టుకుని పడేది వాడే.

గురువారం ముర్గీ చౌక్‌లో గౌస్ చాచా అన్నాడు:
"రెండు రకాల పిట్టల్ని కలిపితే అన్నీ నర్‌లే బేటీ, మాదా నిలవదు."
మా దగ్గర తిరగేసి కదా, అనబోయి ఆగాను.
పిట్టల్లో ఆ జోడు కుదరని చెప్పులు
ఆడదాని కాళ్లకుంటాయి.
పంజరంలో పసుపు మగపిట్ట ఒకటి
నన్ను చూసి మెడ తిప్పుకుంది.

అండాలక్కకు చెప్పాను. గరిటె ఆపి అడిగింది:
"మరి ఆ పిలగాడు ఏం తప్పు జేసిండు?"
ఏం లేదక్కా.
రెండూళ్లూ చానా ఏండ్లు మాట్లాడుకోలే.
కొత్త జాతి అట్లనే మొదలైతది.

ఆమె సీసా మూతికి దూది బిగించింది.
లోపల పద్దెనిమిదోవాడు
ఇంకా ఒక రెక్క చాచి పాడుతూనే ఉన్నాడు.